మూకుడు నూనె, నల్ల పొడి

3 ఆగస్టు 2024, శనివారం

ఇవాళ అమీర్‌పేట క్లాసులో బోర్డు మీద వేసిన లెక్క: 885 గ్రాముల నూనె, 96 గ్రాముల మిథనాల్. చర్య పూర్తయితే 889 గ్రాముల బయోడీజిల్, 92 గ్రాముల గ్లిజరిన్. ట్రైఓలీన్ అనే ఒక్క రకం కొవ్వుతో వేసిన లెక్క ఇది. చాలా వంట నూనెలకు కాస్త అటూ ఇటూగా ఇంతే. నూనె అణువులో ఒక గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అంటుకుని ఉంటాయి. ఆ మూడింటినీ ఊడదీసి ఒక్కోదానికి ఒక్కో మిథనాల్ తగిలిస్తే డీజిల్ ఇంజన్‌లో మండే పల్చటి ద్రవం తయారవుతుంది. ఆ ఊడదీసే పని కాస్టిక్ సోడాకు అప్పజెప్పాలా, లైపేజ్ అనే ఎంజైమ్‌కు అప్పజెప్పాలా అన్న దగ్గరే కథంతా ఉంది.

మన క్లోమంలో ఊరేదీ లైపేజే. తిన్న నెయ్యిని అరిగించే ఆ ఎంజైమ్ జాతే బస్సు నడిపే ఇంధనం కూడా చేసిపెడుతుందని చెప్పినప్పుడు, వెనక బెంచీ పిల్లలు కూడా పెన్ను ఆపి తలెత్తారు. పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్నగా వచ్చి పోయే విషయం కాదిది. ఈ సీజన్ అంతా దీని గురించి రాసుకుంటూ పోవాలనిపించింది.

6 ఆగస్టు, మంగళవారం

పాత సత్యం థియేటర్ వైపు సందులో బజ్జీల బండి. నడిపేది పాలమూరు నుంచి వచ్చిన ఆవిడ. కోచింగు పిల్లలు ఎనిమిదింటికి క్లాసులు వదలగానే ఆ బండి చుట్టూ మూగుతారు.

"నూనె ఎన్నొద్దులకు మారుస్తవక్కా?"

"మార్సుడేంది సార్! తగ్గిన కాడికి కొత్తది పోస్తం. పారవోస్తే మాకేం మిగుల్తది?"

పెద్ద హోటళ్ళలో వాడి తీసేసిన నూనె డబ్బా సగం రేటుకే దొరుకుతుందట. "నేనైతే తేను సార్, మా పిల్లలసొంటి పిల్లలే తింటరు" అంది. ఆమె మాట నమ్ముతాను. కానీ ఎవరో ఒకరు కొంటున్నారు కనుకే ఆ డబ్బాకు ఒక రేటంటూ ఉంది.

మూకుట్లో జరిగేది ఇదీ: 180 డిగ్రీల దగ్గర, పిండిలోని నీళ్ళు ఆవిరవుతూ నూనె అణువును కొరుకుతాయి. కొవ్వు ఆమ్లాలు విడిపడతాయి. గాలిలోని ఆక్సిజన్ మరోవైపు పని చేస్తుంది. అణువులు ఒకదానికొకటి అతుక్కుని నూనె చిక్కబడుతుంది, నల్లబడుతుంది, నురగ కడుతుంది. ఇలా చెడిన పదార్థాలన్నిటినీ కలిపి ధ్రువ పదార్థాలంటారు. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆ సంగతి బండి దగ్గరకు ఎవరూ మోసుకొచ్చి చెప్పలేదు.

10 ఆగస్టు, శనివారం

ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం. 1893లో ఇదే తేదీన రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచిందని ఏటా వార్త వస్తుంది. ఆ రోజు ఆగ్స్‌బర్గ్‌లో ఆయన తొలి నమూనా ఇంజన్ కదిలిన మాట నిజమే. వేరుశనగ నూనె సంగతి మాత్రం 1900 నాటి పారిస్ ప్రదర్శనది. ఫ్రెంచి ప్రభుత్వం కోరిక మీద ఒట్టో కంపెనీ వాళ్ళు ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను నడిపి చూపారని 1912లో డీజిల్ తానే చెప్పుకున్నాడు. ఆఫ్రికాలో విరివిగా పండే పంటతో అక్కడి యంత్రాలు అక్కడే నడవాలన్నది ఆ ప్రభుత్వం ఆలోచన. ఈ ఇంధనం పుట్టుకలోనే ఆ మాట ఉంది: ఎక్కడి నూనె అక్కడి ఇంజన్‌కు.

మన దగ్గర 2018 ఆగస్టులో వాడిన వంట నూనెను బయోడీజిల్‌గా మార్చే 'రూకో' కార్యక్రమం మొదలైంది. 2022 నాటికి 220 కోట్ల లీటర్లు సేకరించవచ్చని అప్పటి అంచనా. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వంటశాలలు లెక్కలు రాసి, వాడిన నూనెను గుర్తింపు పొందిన వాళ్ళకే ఇవ్వాలన్న ఉత్తర్వు 2019 మార్చి 1 నుంచి ఉంది. 50 లీటర్ల గీత కింద అమీర్‌పేట బండ్లన్నీ మిగిలిపోయాయి.

12 ఆగస్టు, సోమవారం

కాస్టిక్ సోడా ఎందుకు చాలదని ఒక అమ్మాయి అడిగింది. శుభ్రమైన నూనెకైతే చాలు. చవక, వేగం, అరవై డిగ్రీల వేడి, గంటా రెండు గంటల్లో పని అయిపోతుంది. చిక్కంతా మూకుడు నూనెతోనే. వంద కిలోల నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు 5 కిలోలున్నాయనుకుందాం. అవి 0.7 కిలోల సోడాను మింగేసి 5.4 కిలోల సబ్బు చేసి పెడతాయి. సబ్బు పుట్టిందంటే నూనె, నీళ్ళు, గ్లిజరిన్ కలిసి ఒకే ముద్ద. దాన్ని విడదీయడానికి కడుగుడు మీద కడుగుడు. కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది ఇంకో బెంగ.

లైపేజ్‌కు ఈ బాధ లేదు. అతుక్కుని ఉన్న కొవ్వు ఆమ్లాన్నీ, విడిగా తేలే కొవ్వు ఆమ్లాన్నీ రెండిటినీ బయోడీజిల్‌గా మార్చేస్తుంది. సబ్బు రాదు. వేడి నలభై డిగ్రీల దగ్గర ఉంటే చాలు, మే నెలలో హైదరాబాద్ గాలికి ఉండే వేడి అది. బండి నూనె ఎంత చెడిందో ఎంజైమ్ అవసరం అంత పెరుగుతుంది.

16 ఆగస్టు, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. క్లాసు సగం ఖాళీ. హాస్టల్ ఆవిడ పిల్లలందరికీ పులిహోర పంపింది.

లైపేజ్ నిర్మాణం మళ్ళీ చదివాను. 1990లో మనిషి క్లోమ లైపేజ్, ఒక శిలీంధ్ర లైపేజ్, రెండిటి ఆకృతులూ బయటపడ్డాయి. పని జరిగే చోటు మీద ఒక మూత. నీళ్ళలో ఉన్నంతసేపూ మూసి ఉంటుంది, నూనె బొట్టు అంచు తగిలితే తెరుచుకుంటుంది. నూనె, నీళ్ళ సరిహద్దులోనే అది బతికేది. ఇన్ని వందల అమైనో ఆమ్లాల గొలుసు ముడుచుకుని తాను తాకింది నూనో నీళ్ళో తేల్చుకోవడం! ఎన్నేళ్ళు చెప్పినా ఈ పాఠం నాకు పాతబడలేదు.

20 ఆగస్టు, మంగళవారం

పొద్దున కుండపోత. పంజాగుట్ట వంతెన కింద బళ్ళు కదలలేదు. అమీర్‌పేట దాకా తడుస్తూ నడిచి, నాగోల్ వైపు మెట్రో ఎక్కి తార్నాకలో దిగాను. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ గేటు ముందు నుంచి పోతుంటే ఎప్పుడూ కలిగే గౌరవమే. 1944లో నిజాం కాలంలో పుట్టిన ప్రయోగశాల, 1956 నుంచి ఆర్ఆర్ఎల్, అంటే ప్రాంతీయ పరిశోధనాశాల. ఇప్పటికీ ముసలివాళ్ళు ఆర్ఆర్ఎల్ అనే అంటారు. నూనెల మీద ఇక్కడ తరాలుగా పని జరిగింది. తవుడు నూనెలోని జిగురును ఎంజైమ్‌తో తీసే పద్ధతి ఇక్కడిదే. నూనె మిల్లులు దాన్ని వాడుకలోకి తెచ్చుకున్నాయి. అంటే ఎంజైమ్ నూనె మిల్లులో నిలవగలదని ఈ ఊళ్ళోనే రుజువైంది.

బి.ఎల్.ఏ. ప్రభావతి దేవి, ఆర్.బి.ఎన్. ప్రసాద్, వాళ్ళ సహచరులు 2009లో ప్రచురించిన పని నాకు ఇంకా ఇష్టం. బయోడీజిల్ చేస్తే మిగిలిపోయే గ్లిజరిన్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కాల్చి నల్లటి కార్బన్ పొడి చేశారు. ఆ పొడే మళ్ళీ బయోడీజిల్ తయారీకి ఉత్ప్రేరకం. ఎంజైమ్ కాదు, నానో అన్న పేరూ పెట్టుకోలేదు. అయినా చెత్తను పనిముట్టుగా మార్చిన ఆ చూపు, ఎంజైమ్‌ను నానో కణాల మీద ఎక్కించేవాళ్ళందరికీ కావాలి.

24 ఆగస్టు, శనివారం

నా దగ్గర చదివి ఇప్పుడు ఈ నగరంలోనే పరిశోధన చేస్తున్న అమ్మాయి తన ప్రయోగశాలకు పిలిచింది. చిన్న సీసాలో నూనె, మిథనాల్, అందులో మాగ్నటైట్ పొడి. ఇనుము ఆక్సైడు కణాలు, ఒక్కోటి పది నానోమీటర్ల చొప్పున. వాటి ఒంటి మీద లైపేజ్. ఊపితే సీసా అంతా సిరా నలుపు.

"ఇప్పుడు చూడండి సార్" అని పక్కనే అయస్కాంతం పెట్టింది. నలుపంతా మెల్లగా ఒక గోడకు చేరింది. మిగతా సీసా తేటపడింది. ద్రవాన్ని వంపేసి కొత్త నూనె పోసింది. అదే ఎంజైమ్ మళ్ళీ పనిలోకి.

"ఎన్ని విడతలు వస్తోందమ్మా?"

"ప్రతి విడతకూ తగ్గుతోంది సార్. ఎందుకు తగ్గుతోందో పట్టుకోవడమే ఇప్పుడు నా పని."

ఈ జవాబు నాకు నచ్చింది. తొలి విడతలో వచ్చిన శాతం చెప్పి ఊరుకోలేదు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. పది నానోమీటర్ల మాగ్నటైట్ గుండ్లు ఒక్క గ్రాము తీసుకుంటే వాటి ఉపరితలం మొత్తం 116 చదరపు మీటర్లు. మన భాషలో దాదాపు 139 గజాలు. అమీర్‌పేటలో ఆ స్థలం ధర తలుచుకుంటే గుండె ఆగుతుంది, ఇక్కడది చిటికెడు పొడిలో ఉంది. అదే గ్రామును మిల్లీమీటరు గుండ్లుగా చేస్తే ఉపరితలం లక్ష రెట్లు తక్కువ. ఒక్కో లైపేజ్ అణువు అయిదు నానోమీటర్ల చదరం ఆక్రమిస్తుందనుకుంటే గ్రాము పొడి మీద ఒక్క పొరగా పట్టేది పావు గ్రాము ఎంజైమ్. కాగితం మీది గరిష్ఠం అది. అయినా ఎంత ఎక్కువ!

27 ఆగస్టు, మంగళవారం

ఎంజైమ్‌ను ఆ కణాల మీద ఎక్కించడం ఎలా? మాగ్నటైట్ మీద ముందు సన్నటి సిలికా పొర. ఇది లేకపోతే ఇనుము కొంచెం కొంచెంగా నూనెలోకి దిగుతుంది, ఇనుము అయాన్లుంటే బయోడీజిల్ త్వరగా కంపు పడుతుంది. సిలికా మీద అమైన్ కొసలు. అమైన్‌కూ ఎంజైమ్‌లోని లైసిన్‌కూ మధ్య గ్లుటరాల్డిహైడ్ ముడి. పేరు పలకడం కష్టం గానీ పని తేలిక, రెండు చేతులా రెండు వైపులా పట్టుకుంటుంది.

ఒక్క చోట ముడి పడితే ఎంజైమ్ వేలాడుతుంది. మూడు నాలుగు చోట్ల పడితే గట్టిగా నిలుస్తుంది, మిథనాల్ దాడికి దాని మడతలు విప్పుకోవు. అక్కడి నుంచే మరో ప్రమాదం మొదలు. పని జరిగే ముఖం కణం వైపు తిరిగి అతుక్కుపోతే నూనె అణువుకు దారి లేదు. మూత దగ్గరే ముడి పడితే అది తెరుచుకోదు. గట్టిగా పట్టుకోవాలి, కదలనివ్వాలి. రెండూ ఒకేసారి.

దీనికొక అందమైన ఉపాయం ఉంది. కణం ఒంటిని నూనె స్వభావం గల పొడుగాటి కార్బన్ గొలుసులతో కప్పుతారు. లైపేజ్ దాన్ని నూనె బొట్టే అనుకుని మూత తెరిచి అతుక్కుంటుంది, తెరిచిన భంగిమలోనే నిలిచిపోతుంది. ఎంజైమ్ స్వభావాన్ని వంచకుండా దాంతోనే పని చేయించుకోవడం ఇది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచిన ఆలోచన.

31 ఆగస్టు, శనివారం

మిథనాలే ముడిసరుకు, మిథనాలే విషం. నూనెలో అది కొంచెమే కరుగుతుంది. కరగకుండా మిగిలిన బొట్లు తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది. 1999లో జపాన్‌లోని ఒసాకాలో యూజీ షిమడా బృందం దీనికి దారి కనిపెట్టింది. కావాల్సిన మిథనాల్‌ను ఒకేసారి పోయకుండా మూడు వాయిదాల్లో పోశారు. రెజిన్ గుళ్ళ మీద ఎక్కించిన కాండిడా అంటార్కిటికా లైపేజ్ అలా 50 విడతలు పని చేసింది, మార్పిడి 95 శాతం కిందికి దిగలేదు. ఆ రెజిన్ నానో కాదు, కంటికి కనిపించే గుళ్ళు. నానో పత్రం ఏది చదివినా ఈ 50 పక్కన పెట్టి చూస్తాను. అయిదారు విడతలకే ఆగి "అద్భుతం" అన్న పత్రాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రయోగం చేసింది అంగట్లో కొన్న శుద్ధి నూనెతో. బండి నూనెలోని మాడిన పిండి, ఉప్పు, చిక్కటి జిగురు ఆ సీసాల్లోకి రాలేదు.

4 సెప్టెంబర్, బుధవారం

మా వీధి చివర కానుగ చెట్టు. వానకు తడిసి తళతళలాడుతోంది. దాన్ని చూస్తే పవర్‌గూడ గుర్తొస్తుంది. ఆదిలాబాద్ అడవుల్లో చిన్న ఆదివాసీ గూడెం, ఇప్పుడు కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. అక్కడి మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి గింజల నుంచి నూనె తీశాయి, వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడు నిలిచింది. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే పదేళ్ళలో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు గాను 2003 అక్టోబర్‌లో ప్రపంచ బ్యాంకు ఆ ఊరికి 645 డాలర్లు ఇచ్చింది. మొత్తం చిన్నదే. చెట్టు నీడకు వెల కట్టి ఊరి మహిళల చేతికి ఇవ్వడం పెద్ద సంగతి.

ఆ రోజుల్లోనే దేశమంతా జట్రోఫా అనే నూనె గింజల మొక్క హోరు. 2011–12 కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ అన్నారు. గింజ దిగుబడి మాట నిలబెట్టలేదు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030కి 5 శాతం చాలంది. ఆ హోరులో మొక్కలు నాటిన రైతులను తలుచుకుంటే బాధేస్తుంది. పంట పండకముందే లక్ష్యం రాసుకున్నారు.

7 సెప్టెంబర్, శనివారం

వినాయక చవితి. క్లాసు లేదు. వీధంతా ఉండ్రాళ్ళు, పక్క మండపంలో పెద్ద మూకుడు పెట్టి బూరెలు. చదువూ రాతా ఇవాళ్టికి ఇంతే.

11 సెప్టెంబర్, బుధవారం

మన ఫ్యాక్టరీల సంగతి. ఒకటి యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురంలో సదరన్ ఆన్‌లైన్ బయో టెక్నాలజీస్ వాళ్ళది. ముందు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చిన కంపెనీ, తర్వాత జర్మనీకి చెందిన లుర్గి సాంకేతికతతో రోజుకు 40 టన్నుల బయోడీజిల్ ప్లాంటు కట్టింది. కాకినాడలో యూనివర్సల్ బయోఫ్యూయల్స్ 2008లో కట్టినది అంతకంటే చాలా పెద్దది, ఏడాదికి 5 కోట్ల గాలన్లు, అంటే 19 కోట్ల లీటర్ల సామర్థ్యం. అది రేవు పక్కనే ఉండటానికి కారణం ఓడలో దిగే పామ్ స్టియరిన్. నూనె ఎటు నుంచి వస్తుందో ఫ్యాక్టరీ అటే కడతారు. నగరంలోని మూకుళ్ళ నుంచి నూనె వస్తుందని నమ్మకం కుదిరిన నాడు ఫ్యాక్టరీ నగరానికి దగ్గరగా జరుగుతుంది.

16 సెప్టెంబర్, సోమవారం

ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద కేంద్రం దిగుమతి సుంకం పెంచింది. అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి, శుద్ధి చేసినవైతే 13.75 నుంచి 35.75కి. 14వ తేదీ నుంచే అమలు. నూనె గింజల రైతుకు మేలని చెప్పారు, కావచ్చు. బండి దగ్గర ఫలితం రెండు రోజుల్లోనే కనిపించింది.

"డబ్బా మీద ఒక్కసారే పెంచిండ్రు సార్. బజ్జీ రేటు పెంచితే పిల్లలు పక్క బండికి పోతరు."

రేటు పెంచలేని ఆవిడ ఏం చేయగలదు? అదే నూనెను ఇంకో రెండు రోజులు మరిగించగలదు. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఆ మాట అనలేదు.

19 సెప్టెంబర్, గురువారం

నిమజ్జనం అయి రెండు రోజులు. పంజాగుట్టలో ఒక హోటల్ వెనక సందులో వాడిన నూనె డబ్బాలు ఆటో ట్రాలీకి ఎక్కిస్తున్న కుర్రాడితో మాట్లాడాను.

"పెద్ద హోటళ్ళ కాడ దొరుకుతది సార్. బండ్లోళ్ళ దగ్గర ఏం మిగుల్తది? మూకుట్లనే అయిపోతది."

నిమ్స్ ఆస్పత్రి వైపు నడిచాను. రోగుల వెంట వచ్చినవాళ్ళు పేవ్‌మెంట్ మీద కూర్చుని తింటున్నారు. పూరీ, మిర్చి, ఎగ్ బోండా. ఊరి నుంచి వచ్చి, ఆస్పత్రి ఖర్చుకు అప్పు చేసి, చవకగా కడుపు నింపుకుంటున్న మనుషులు. నగరంలో అందరికన్నా ఎక్కువ మరిగిన నూనె చేరేది వీళ్ళ పళ్ళెంలోకే. ఇంధనం సంగతి తర్వాత. ఆ నూనెను మూకుట్లోంచి బయటికి లాగే ధర ఒకటి కావాలి. వాడిన నూనెకు బండావిడకు కొత్త నూనెలో సగం రేటు నగదుగా ముట్టిన రోజు ఆమె దాన్ని మరిగించదు. అంత రేటు ఇవ్వాలంటే చెడ్డ నూనెను చవకగా మార్చే పద్ధతి కావాలి. ఎంజైమ్ ఎన్ని విడతలు నిలుస్తుందన్న లెక్క ఈ పళ్ళెం దాకా వచ్చి ఆగుతుంది. అందుకే ఆ లెక్క మీద నాకింత పట్టు.

22 సెప్టెంబర్, ఆదివారం

ఎదుటి పక్షం వాదన కూడా రాసుకోవాలి. 2014లో నోవోజైమ్స్ కంపెనీ 'ఎవర్సా' అనే ద్రవ లైపేజ్‌ను బయోడీజిల్ కోసమే విడుదల చేసింది. దేనికీ అతికించక్కర్లేదు, నేరుగా పోయడమే. ఎంజైమ్ చవకైతే దాన్ని తిరిగి పట్టుకోవాల్సిన పనేమిటని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. చైనాలో హునాన్‌లో 2006 నుంచే ఏడాదికి 20,000 టన్నుల ఎంజైమ్ బయోడీజిల్ ప్లాంటు నడిచింది, అక్కడా నానో కణాలు లేవు.

పది నానోమీటర్ల పొడిని సీసాలో పట్టుకోవడం వేరు, పది వేల లీటర్ల ట్యాంకులో పట్టుకోవడం వేరు. ప్రతి విడతలో కొంత పొడి బయోడీజిల్‌తో జారిపోతే అది ఇంజన్‌లోకి చేరుతుంది. గ్లిజరిన్ జిగురుగా కణాలను చుట్టేసి నూనెను దగ్గరికి రానివ్వదు. ఇవి తేలాకే ఫ్యాక్టరీ మాట.

అయినా నానో దారి నాకు వదిలేయదగినదిగా కనిపించదు. ద్రవ ఎంజైమ్‌ను కొద్దిమంది పెద్ద తయారీదారుల దగ్గర కొంటూనే ఉండాలి. అతికించిన ఎంజైమ్ నూరు విడతలు నిలిస్తే, రోజుకు రెండు డ్రమ్ముల నూనె దొరికే పేటకు కూడా ఒక చిన్న యూనిట్ పెట్టుకోవచ్చు. చిన్నవాళ్ళకు అందే పద్ధతి ఏదన్నది నాకు ముఖ్యం.

25 సెప్టెంబర్, బుధవారం

ప్రయోగశాలకు పిలిచిన అమ్మాయి పరిశోధన ప్రతిపాదన చదివి ఇచ్చాను. మార్జిన్లో రాసినవి: శుద్ధి నూనె ఒక్కదానితో ఆగొద్దు. అమీర్‌పేట బండి, పంజాగుట్ట హోటల్, మెస్, మూడు చోట్ల నుంచి నూనె తీసుకో. ఆమ్ల విలువ, తేమ, ధ్రువ పదార్థాల శాతం ముందే కొలిచి రాయి. మొదటి విడత ఫలితం పక్కనే ఇరవయ్యో విడతది కూడా సారాంశంలోనే ఉండాలి. బయోడీజిల్‌లో ఇనుము ఎంత దిగిందో చూడు. గ్రాము ఎంజైమ్‌కు ఎన్ని కిలోల నూనె మారిందో ఒక్క సంఖ్యగా చెప్పు, రూపాయల్లోకి మార్చడం ఎవరికైనా తేలికవుతుంది.

సాయంత్రం ఫోన్ చేసింది. "సార్, బండి నూనె కావాలంటే ఆమె ఇస్తుందా?"

"డబ్బులిచ్చి కొనాలమ్మా. కొత్త నూనె రేటుకు."

శనివారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం. రెండు లీటర్లు పట్టే గాజు సీసాలు తను తెస్తానంది. వడకట్టే గుడ్డ, లేబుళ్ళు నేను తీసుకెళ్ళాలి.